తాళపుచెవి గలవాని ధర్మము

ఒక వస్తువును అమ్మినవాని బాధ్యత యెక్కడ ముగియును? కుండను అమ్మిన కుమ్మరి, కొన్నవాడు దానిని తట్టి చూచుకొని యింటికి గొనిపోయిన పిదప, ఆ కుండకు పూచీపడడు. చీరను అమ్మిన నేతగాడు రంగు నిలుచునని మాట యిచ్చును గాని, పదియేండ్లు కట్టిన పిదప చిరిగినందుకు జవాబు చెప్పడు. ఇది న్యాయమే. వస్తువు చేయి మాఱినపుడు దానిపైగల అధికారమును, దాని భారమును గూడ చేయి మాఱినవి. కొన్నవాడు కుండకు చిల్లి పూడ్చుకొనవచ్చును. చీరకు అతుకు వేసికొనవచ్చును. అయితే మన కాలమున ఇంటింట నొక వస్తువు ప్రవేశించినది. వెల యంతయు చెల్లించినను అది పూర్తిగా కొన్నవాని వశము కాదు. అదియే స్మార్టుఫోను. పాత స్మార్టుఫోనులకు తయారుచేసినవారు ఎన్నియేండ్లు అప్‌డేటులు పంపవలయునను ప్రశ్న పైకి వర్తకుల లెక్కవలె కనబడును. విచారించిన కొలది అది ధర్మమునకు సంబంధించిన ప్రశ్నయని తోచకమానదు.

మొదట అప్‌డేటు అననేమో తెలిసికొందము. ఫోనులోని యంత్రభాగములను నడపునది సాఫ్టువేరు. అనగా లక్షలకొలది పంక్తులలో వ్రాయబడిన ఆజ్ఞల సముదాయము. అంత పెద్ద వ్రాతలో తప్పులు దొరలక మానవు. వానిలో కొన్ని దొంగకు దొడ్డిదారి యగును. ఆ దారిన లోనికి వచ్చినవాడు ఇంటివారి మాటలు వినవచ్చును, బ్యాంకు సొమ్మును కాజేయవచ్చును. అట్టి తప్పు బయటపడినపుడెల్ల తయారుచేసినవారు దానిని సవరించి ఫోనులకు పంపుదురు. ఇది యొక విధమైన అప్‌డేటు. క్రొత్త రూపములను, క్రొత్త వేడుకలను, క్రొత్త సౌకర్యములను తెచ్చునది రెండవ విధము. మొదటిదానిని దిద్దుబాటు అనియు, రెండవదానిని అలంకారము అనియు పిలుతము. ఈ భేదమును చదువరులు మనసునం దుంచుకొన గోరెదను. వాదమంతయు దీనిపై నిలిచియున్నది.

దిద్దుబాటు విషయమున రెండు సంగతులు గమనింపదగినవి. నాగటి కర్రు అరుగుట వాడుకవలన గలిగిన లోపము. సాఫ్టువేరు అరుగదు. ఐదేండ్లకు బయటపడిన తప్పు అమ్మిననాడే అందున్నది. అది కొన్నవాడు చేసినది గాదు. ఇది మొదటి సంగతి. ఇక రెండవది. కరీంనగరులోగాని మంచిర్యాలలోగాని ఫోనులు బాగుచేయు దుకాణమువారు పగిలిన అద్దమును మార్చగలరు. ఉబ్బిన బ్యాటరీని తీసి వేఱొకటి వేయగలరు. ఈ దిద్దుబాటును మాత్రము వారు చేయజాలరు. దీనికి కారణము వారి నేర్పు చాలకపోవుట మాత్రమే కాదు. తయారుచేసినవాని రహస్యముద్ర పడిన సాఫ్టువేరును తప్ప మఱియొకదానిని ఫోను సాధారణముగా అంగీకరింపదు. ఆ ముద్ర అతని యొద్దనే యుండును. ఇల్లు మనది, తాళపుచెవి యతనిది.

ఈ ప్రశ్న మన ప్రాంతమున నే రూపమున నున్నదో చూతము. 2016లో పాత కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాలు పలు జిల్లాలుగా విడిపోయినవి గాని జీవనవిధానము విడిపోలేదు. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మలు ప్రాంతములనుండి యువకులు దుబాయి, సౌదీ, కువైటులకు కూలికి పోవుచునే యున్నారు. అట్టి యొక కుటుంబమును భావింపుడు. కుమారుడు సెలవుపై వచ్చినపుడు క్రొత్త ఫోను తాను ఉంచుకొని, పాతదానిని తండ్రికిచ్చును. తండ్రి దానిని రెండేండ్లు వాడి, చదువుకొను మనుమరాలికిచ్చును. ఇంట అక్కఱ లేనిచో అది సెకండుహాండు దుకాణమునకు చేరి, ఉట్నూరు వైపు ఒక కూలివాని చేతబడును. ఒక వస్తువును ముగ్గురు వాడుకొనుట మన యిండ్లలో పొదుపు, నిందింపదగినది కాదు. కాని తయారుచేసినవాడు ఫోను ఆయువును మొదటి యజమానిని బట్టి లెక్కించుచున్నాడు. మూడవ చేతికి వచ్చునప్పటికి దిద్దుబాట్లు ఆగిపోయియుండును. అనగా, వస్తువు ఎంత పేదవాని చేతికి దిగునో అంత అరక్షితమగుచున్నది. వరదకు పల్లములోని గుడిసె ముందుగా మునిగినట్లు, ఈ లోపమునకు చివరి యజమాని ముందుగా బలియగుచున్నాడు.

"ఫోను విలాసవస్తువు, వలదనుకొన్నవాడు మానుకొనవచ్చును" అను మాటకు ఇపుడు తావులేదు. 2020 సెప్టెంబరు 1న తెలంగాణమున బడిపిల్లలకు డిజిటలు పాఠములు ప్రారంభమైనవి. దూరదర్శను యాదగిరి, టీ-సాట్ ఛానెళ్లలో పాఠములు ప్రసారమైనవి. టెలివిజను లేని ఇంటి బిడ్డకు తండ్రి ఫోనే బడి యయ్యెను. 2023 జనవరి 1 నుండి, వ్యక్తిగత లబ్ధిదారుల పనులు తప్ప, ఉపాధిహామీ పనిచోటులన్నిట కూలీల హాజరును ఛాయాచిత్రములతో మొబైలు యాప్‌లోనే నమోదు చేయవలెనని కేంద్రప్రభుత్వము నిర్బంధించెను. ఫోను పట్టుకొనువా డొకడు. దానిపై నాధారపడిన కూలి పలువురిది. విద్యయు కూలియు ఫోనుద్వారా నడచినపుడు, ఆ ఫోను చెడుట ఒక యింటి వేడుక చెడుట వంటిది కాదు.

దిద్దుబాటు ఆగిన ఫోనువలన రెండు విధముల హాని గలదు. మొదటిది, తలుపు మూతపడుట. 2023 అక్టోబరు 24 నుండి వాట్సాప్ ఆండ్రాయిడు 5.0కు ముందటి ఫోనులలో పనిచేయుట మానెను. ఆ 5.0 రూపము 2014లోనే వెలువడినది. కాని ఆ రూపము వెలువడుట వేఱు, అది మన చేతిలోని ఫోనునకు వచ్చుట వేఱు. తయారుచేసినవాడు దానిని తన ఫోనులకు తగినట్లు సరిచేసి పంపినప్పుడే అది మనకందును. పంపనిచో ఫోను పాత రూపముననే నిలిచిపోవును. గల్ఫులోనున్న కొడుకు ముఖమును ఆ యద్దములో చూచుకొను తల్లికి ఈ సాంకేతిక భేదములు తెలియవు. ఒకనాడు ఆ ముఖము కనబడకపోయెనని మాత్రమే తెలియును.

రెండవ హాని యింతకంటె చెడ్డది. తలుపు మూతపడక, తెఱచియుండుట. ఫోను మామూలుగనే పనిచేయుచుండును. కావున భయము తోచదు. ఈ అపాయము ఎట్టిదో తెలుగునాట 2017 మే నెలలో కనబడినది. వన్నాక్రై అను దుష్టసాఫ్టువేరు లోకమంతట కంప్యూటరులను పట్టి, లోని కాగితములను మూసివేసి, సొమ్ము ఇచ్చిననే విడుతునని బెదరించెను. ఆంధ్రప్రదేశమున పోలీసుశాఖ కంప్యూటరులు గూడ దానిబారిన బడినవి. దొంగలను పట్టువారి యింటనే దొంగ దూఱెను. ఇందు ఇరుపక్షములకును పాఠమున్నది. విండోసు ఎక్స్‌పీ అను పాత సాఫ్టువేరునకు మైక్రోసాఫ్టు 2014 ఏప్రిలు 8న దిద్దుబాట్లు నిలిపివేసెను. అయినను వన్నాక్రై విజృంభించిన మఱునాడే ఎక్స్‌పీకి సయితము అందఱకు దిద్దుబాటు నిచ్చెను. కావున "పాతదానికి ఇక నీయలేము" అనుమాట తఱచు "ఇయ్యదలచుకొనలేదు" అని అర్థమిచ్చును. మఱియొక వైపు, నాడు దెబ్బతిన్న కంప్యూటరులలో అధికభాగము ఎక్స్‌పీవి కావు. రెండునెలలకు ముందే దిద్దుబాటు వెలువడినను దానిని వేసికొనక యుపేక్షించిన విండోసు 7వి. ఇచ్చువాని ధర్మ మొకటి, పుచ్చుకొనువాని ధర్మ మొకటి గలవు.

ఇక తయారుచేయువారి పక్షమున చెప్పదగిన మాటలను న్యాయముగ విందము. దిద్దుబాటు ఊరక రాదు. దానిని వ్రాయుటకును పరీక్షించుటకును నిపుణులు కావలెను. వారికి జీతము లీయవలెను. లోపలి చిప్పును చేసినది వేఱొక కంపెనీ. అది సాయము మానినచో ఫోను చేసినవాడేమి చేయగలడు? పాత యంత్రము క్రొత్త భారమును మోయలేదు. ఎనిమిదివేల రూపాయల ఫోనునకు లక్షరూపాయల ఫోనుతో సమానమైన సేవ కోరుట న్యాయమా? ఇవి త్రోసివేయదగిన మాటలు కావు. అయినను అనుభవము వీనికి కొంత సమాధానము చెప్పుచున్నది. 2013లో అమ్మకమునకు వచ్చిన ఐఫోన్ 5ఎస్‌కు 2023 జనవరిలో గూడ దిద్దుబాటు వచ్చెను. 2023 అక్టోబరులో గూగులు తన పిక్సెల్ 8కును, 2024 జనవరిలో శాంసంగ్ తన గెలాక్సీ ఎస్24కును ఏడేండ్ల అప్‌డేటులను వాగ్దానము చేసినవి. ఇవి ధనికుల ఫోనులు, నిజమే. కాని నెదర్లాండ్సులోని ఫెయిర్‌ఫోను అను చిన్న సంస్థను చూడుడు. 2015 చివర వచ్చిన తన రెండవ ఫోనునకు, చిప్పు కంపెనీ సాయము మానిన పిదపను, అది తన స్వప్రయత్నమున 2023 మార్చి వఱకు అప్‌డేటులను నడిపించెను. కావున ఇది అసాధ్యము కాదు, వ్యయమునకు సంబంధించినది. ఆ వ్యయమును వెలలో చేర్చి ముందే చెప్పినచో కొనువాడు తూచుకొని కొనును. చెప్పక దాచి, చివరి యజమాని నెత్తిన వేయుట మాత్రము తగదు.

కొనువాడే జాగ్రత్త పడవలెనని యొక న్యాయసూత్రము గలదు. మన స్మృతికారులు ఈ విషయమున మఱింత లోతుగ నాలోచించిరి. యాజ్ఞవల్క్యస్మృతిలో క్రీతానుశయ మను వివాదప్రకరణము గలదు. కొన్నదానిని పరీక్షించి, నచ్చనిచో మరల్చుటకు గడువు అందు వస్తువును బట్టి విధింపబడినది. ఇనుమునకు ఒక దినము, మోతపశువులకు ఐదు దినములు, రత్నములకు ఏడు దినములు, విత్తనములకు పది దినములు. ఆ ప్రకరణముననే దాసదాసీజనమును గూడ సరకులలో లెక్కించిరి. ఆ భాగము మనకు సిగ్గుచేటు, త్యాజ్యము. గ్రహింపదగిన సూత్ర మొకటి మాత్రము మిగులును: దోషము బయటపడుటకు ఎంతకాలము పట్టునో, పూచీ అంతకాలము నిలువవలెను. ఇనుమును చూడగనే తెలియును. విత్తనము గుణము మొలకెత్తునందాక తెలియదు. అందుకే విత్తనమునకు హెచ్చు గడువు. మరి ఏండ్లు గడచినగాని దోషము బయటపడని వస్తువునకు గడువెంత యుండవలెను? మన దేశమునందలి 1930 నాటి సరకుల విక్రయచట్టము సయితము కొనువాడే జాగ్రత్త పడవలెనను సూత్రమును పూర్తిగ నంగీకరింపలేదు. తన యవసరమును చెప్పి, అమ్మువాని నేర్పును నమ్మి కొన్నచో, వస్తువు ఆ పనికి తగినదై యుండవలెనని యది చెప్పుచున్నది. ఫోనును కొనువారిలో దాని లోపలి వ్రాతను పరీక్షింపగలవారెందఱు? అందఱును అమ్మువాని నేర్పును నమ్మియే కొనుచున్నారు.

పుస్తకముల మాట అటుంచి, మన పల్లెల పాత యేర్పాటును స్మరింతము. కమ్మరి అరిగిన కర్రును కాచి సాగగొట్టును. వడ్లవాడు విఱిగిన నాగటిమేడిని సరిచేయును. రైతు ప్రతి పనికిని పైసలీయక, కళ్లమునందు గింజలు కొలిచి యిచ్చును. నాగలి దున్నుచున్నంతకాలము ఆ సంబంధము సాగును. అది క్రొత్తదా పాతదా, తండ్రి చేయించినదా కొడుకు చేయించినదా యని కమ్మరి యడుగడు. ఈ యేర్పాటును నేను పొగడుటకు పూనుకొనలేదు. అది కులమునకు మనిషిని కట్టివేసినది. కొలిచిన గింజలలో న్యాయమెపుడును లేదు. వెట్టితో అది పెనగొనియుండెను. అది పోవుట మేలే. అయినను అందొక వివేకమున్నది. పూచీ అమ్మకముతో గాక వాడుకతో ముడివడియుండెను. బంధనమును విడిచి ఆ వివేకమును నిలుపుకొనుట సంస్కారము. నేటి మన వ్యవస్థలో బంధనము కొన్నవానికి మిగిలినది. ముద్ర లేనిదే వేఱొకరిచే దిద్దించుకొనలేడు. పూచీ మాత్రము అమ్మినవానికి తప్పిపోయినది.

ఇందుండి నాకు దోచిన సిద్ధాంతము చెప్పెదను. తాళపుచెవి ఎవనియొద్ద నున్నదో, కాపలా వానిది. కాపలా మానదలచినవాడు చెవిని ఇంటివాని చేత బెట్టి పోవలెను. చెవిని తన మొలను జెక్కుకొని కాపలా మానుటకు మాత్రము ఎవనికిని హక్కు లేదు.

ఈ సూత్రమును ఆచరణకు దింపినచో నాలుగు నియమము లేర్పడును. మొదటిది: గడువును ఫోను మొదట వెలువడిన దినమునుండి గాక, అంగడిలో చివరిది అమ్ముడైన దినమునుండి లెక్కింపవలెను. లేనిచో చివరి నెలలో కొన్నవానికి దక్కునది సగము గడువే. రెండవది: దిద్దుబాట్లు ఏడేండ్లకు తక్కువ గాకుండ రావలెను. ఏడని యేల? మొదటి యజమాని మూడేండ్లు, తండ్రి రెండేండ్లు, మనుమరాలు రెండేండ్లు; మన యింటి లెక్క యిది. సంఖ్య కొంచెము అటునిటు కావచ్చును. చివరి యజమానిని లెక్కలో చేర్చుట మాత్రము తప్పరాదు. చౌక ఫోను, ఖరీదు ఫోను అను భేదము అలంకారమున నుండవచ్చును గాని దిద్దుబాటున నుండరాదు. పేదవాని కొట్టమునకు మట్టిగోడ యుండవచ్చును. తలుపే లేకుండుట యొప్పదు. మూడవది: దిద్దుబాటును అలంకారముతో కట్టిపెట్టరాదు. పాత బ్యాటరీ గల ఐఫోనుల వేగమును తగ్గించితిమని ఆపిల్ 2017 డిసెంబరులో ఒప్పుకొన్నది. ఫోను హఠాత్తుగ ఆగిపోకుండుటకే యట్లు చేసితిమని చెప్పినది. కారణము సరియైనదైనను, ముందుగ చెప్పకుండుటచే లోకమునకు అప్‌డేటనిన అనుమానము పుట్టినది. ఆ యనుమానముచే దిద్దుబాటును గూడ వలదనువారు గలరు. నాల్గవది: గడువు ముగిసిననాడు తాళము విప్పి, ఇతరులు దిద్దుకొనుటకు వీలు గల్పింపవలెను.

ఇతరదేశములు ఈ దారిని కొంత నడచినవి. 2024 ఏప్రిలు 29 నుండి బ్రిటనులో, ఇట్టి వస్తువులకు కనీస మెంతకాలము రక్షణదిద్దుబాట్లు వచ్చునో తయారుచేయువారు ప్రకటింపవలెను. 2025 జూను 20 నుండి యూరోపియను యూనియనులో అమలునకు వచ్చిన నియమము, తాము వెలువరించు అప్‌డేటులను ఆ ఫోనును అంగడికి పంపుట ముగించిన పిదప కనీస మైదేండ్లవఱకు ఉచితముగ నందీయవలెనని తయారుచేయువారిని శాసించుచున్నది. గడువును అమ్మకము ముగింపునుండి లెక్కించుట ఇందలి ముఖ్యాంశము. మన దేశమున 2022 జూలైలో వినియోగదారుల వ్యవహారముల శాఖ మరమ్మతు హక్కును గూర్చి యొక సంఘమును నియమించెను. అదే సంవత్సరము డిసెంబరు 24న అందుకొక పోర్టలు తెఱువబడెను. అద్దమునకు, బ్యాటరీకి వర్తించు మరమ్మతు హక్కు సాఫ్టువేరునకును వర్తించిననే అది సంపూర్ణ మగును.

ప్రభుత్వమున కింకొక ధర్మము గలదు. ఏ యాప్‌ను తాను నిర్బంధము చేయునో, అది పాత ఫోనులలోను నడచునట్లు చేయింపవలెను. నడవనిచోట కాగితముపై హాజరునో, చేతి సంతకమునో అంగీకరింపవలెను. సిగ్నలు నిలువని కొండపల్లెలో యంత్రము మొరాయించినందుకు మనిషి కూలి కోల్పోరాదు.

చదువరులారా, మన వంతు ధర్మమును మఱువరాదు. అప్‌డేటు వచ్చినదని ఫోను తెలిపినపుడు "మరల చూతము" అని నెలలకొలది త్రోసివేయుట మన యిండ్లలో పరిపాటి. ముసలి తల్లిదండ్రుల చేతికి పాత ఫోను నిచ్చునపుడు అందులో దిద్దుబాట్లు ఇంకను వచ్చుచున్నవో లేదో చూచి యిత్తము. రానిచో దానిని మాటలకును పాటలకును విడిచి, బ్యాంకు లెక్కలను అందునుండి తీసివేయుదము. క్రొత్తది కొనుటకు పోయినపుడు ఫొటో యెంత బాగుగ వచ్చునని యడుగుటతో ఆగక, "దీనికి దిద్దుబాటు ఏ సంవత్సరము వఱకు వచ్చును? ఆ మాట పెట్టెపై వ్రాసియున్నదా?" యని యడుగుదము. ఒకరడిగినచో అంగడివాడు నవ్వును; వందమంది యడిగినచో కంపెనీకి వ్రాయును. మనము అడుగగలము, మన చేతినుండి ఆ ఫోను దిగిపోయి చేరబోవు చివరి యింటివారు అంగడికే రారు. వారి పక్షమున నేడు అడుగవలసినవారము మనమే.